మట్టిని విడిచిపోయిన కుమ్మరి

ధ్యాన భాగములు: యిర్మీయా 18:1–6, 2 సమూయేలు 9:1–13, మత్తయి 5:23, 24



గత నెలలో గృహదర్శనములకు వెళ్లినప్పుడు మన సంఘములోని ఒక పెద్దతల్లి, ప్రార్థన ముగిసిన వెంటనే నన్ను అరుగు మీదికి పిలిచి, కొంగుచాటున దాచిన ఒక పుస్తకము నా చేతిలో పెట్టెను.

"అయ్యగారూ, మా మనవరాలు కాలేజీ నుంచి తెచ్చుకుందండీ. అర్ధరాత్రి దాకా లైటు ఆర్పకుండా ఇదే చదువుతోంది. ఆ అట్ట మీద బొమ్మ చూడండి, దయ్యంలా లేదూ? బైబిలున్న ఇంట్లో ఇట్లాంటిది ఉండొచ్చాండీ?" అని అడిగెను.

ఆ చిన్నది గుమ్మము దగ్గర నిలువబడి, "అది మా పాఠమండీ అయ్యగారూ. అందులో దయ్యం లేదండీ. కావాలంటే మీరే చదివి చెప్పండి" అనెను.

వినకముందే ప్రత్యుత్తరమిచ్చుట బుద్ధిహీనత యని సామెతల గ్రంథము మనకు నేర్పుచున్నది గదా! కాబట్టి అవ్వ మాటకు అవునని గాని, మనుమరాలి మాటకు కాదని గాని చెప్పక, పుస్తకమును సంచిలో వేసికొని ఇంటికి తెచ్చుకొంటిని. నాలుగు రాత్రులు చదివితిని. నాలుగవ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయముచేత కాదు. ఎందుచేతనో ఈ వ్యాసము చివర చెప్పెదను.

ఆ పుస్తకము పేరు ఫ్రాంకెన్‌స్టైన్. దానిని వ్రాసినది మేరీ షెల్లీ అను ఇంగ్లీషు స్త్రీ. ఆమె 1797వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన లండను పట్టణములో పుట్టెను. పుట్టిన పదకొండు దినములకే తల్లి ప్రసూతి జ్వరముచేత చనిపోయెను. పదునారేండ్ల ప్రాయములో, అప్పటికే పెండ్లియైయున్న పెర్సీ షెల్లీ అను కవితో ఆమె ఇల్లు విడిచి వెళ్లెను. ఆయన నాస్తికత్వమును సమర్థించు చిన్న పుస్తకము అచ్చు వేయించినందున 1811లో ఆక్స్‌ఫర్డు విద్యాలయమునుండి వెళ్లగొట్టబడినవాడు. ఇవి మెచ్చుకొనదగిన సంగతులని నేను చెప్పుట లేదు. అయితే మరియొక సంగతి కూడ వినుడి. 1815లో ఆమెకు నెలలు నిండకుండ పుట్టిన మొదటి బిడ్డ నెల తిరుగకముందే చనిపోయెను. కొన్ని దినములైన పిమ్మట ఆ తల్లికి ఒక కల వచ్చెను. బిడ్డ చావలేదు, చలికి బిగుసుకొనిపోయినది, అంతే. నిప్పు యొద్ద కూర్చుండి ఒళ్లు రుద్దగా మరల బ్రదికినది. మేలుకొని చూడగా బిడ్డ లేదు. ఈ కలను ఆమె తన దినచర్య పుస్తకములో వ్రాసికొనెను. చచ్చిన దేహమునకు ప్రాణము పోయుట అను ఈ కథ వెనుక అట్టి తల్లి కన్నీరు కూడ ఉన్నదని మరచిపోకూడదు.

ఆ మరుసటి యేట, అనగా 1816లో, వారు స్విట్జర్లాండు దేశములోని జెనీవా సరస్సు ఒడ్డున వేసవి గడపబోయిరి. ఆ యేడు వేసవి రాలేదు. 1815 ఏప్రిల్ నెలలో, నేడు ఇండోనేషియాలో నున్న సుంబావా ద్వీపమందు తంబోరా అను అగ్నిపర్వతము బ్రద్దలై, దాని ధూళి ఆకాశమంతట వ్యాపించి సూర్యుని వేడిమిని తగ్గించెను. ఐరోపాలో చలి, ఎడతెగని వాన. పంటలు చేతికి రాలేదు. ఇంటిలో చిక్కుకొనిన ఆ స్నేహితులలో బైరను అను కవి, తలకొక దయ్యపు కథ వ్రాయుదమనెను. అప్పటికి మేరీ వయస్సు పదునెనిమిది. ఆ పందెములో పుట్టినదే ఈ కథ. 1818 జనవరి 1వ తేదీన, రచయిత పేరు లేకుండ, 500 ప్రతులు మాత్రము లండనులో అచ్చుపడెను.

ఆ దినములలో విద్యుచ్ఛక్తిని గూర్చి పండితులలో గొప్ప అలజడి యుండెను. ఇటలీలో గాల్వానీ అనునతడు చచ్చిన కప్ప కాలు విద్యుత్తుచేత కదలుట కనుగొనెను. అతని మేనల్లుడైన ఆల్డీనీ 1803లో లండనునందు, ఉరితీయబడిన ఒక మనుష్యుని శవముమీద అట్టి పరీక్ష చేయగా, దవడ అదిరెను, ఒక కన్ను తెరువబడెను, చెయ్యి పైకి లేచెను. మనుష్యుడే ప్రాణము పోయగలడా అని అనేకులు అడుగుచుండిరి. మేరీ ఈ పుస్తకమునకు "నూతన ప్రొమేథియసు" అని మారుపేరు పెట్టెను. మట్టితో నరుని చేసి, దేవతల యొద్దనుండి అగ్నిని దొంగిలించి, శిక్షపొందినవానిగా గ్రీకులు చెప్పుకొను పురాణ పురుషుడు ఈ ప్రొమేథియసు. కాగా ఇది దేవుడు కాగోరిన మనుష్యుని కథ, అతని చేతిలో తయారైన వికృతరూపి కథ.

కథ క్లుప్తముగా చెప్పెదను. జెనీవా పట్టణమందు కలిగిన కుటుంబములో పుట్టిన విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అను యువకుడు జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ విద్యాలయమునకు పోయి, ప్రాణము యొక్క రహస్యమును కనుగొనెను. శ్మశానములనుండి, కోతశాలలనుండి అవయవములు తెచ్చి కూర్చి, ఎనిమిది అడుగుల దేహమును చేసెను. దాదాపు రెండేండ్లు నిద్రాహారములు మాని పాటుపడెను. ఒక క్రొత్త జాతి తన్ను సృష్టికర్తయని స్తుతించునని అతని ఆశ. నవంబరు నెలలో ఒక వానరాత్రి ఆ దేహము కన్ను తెరచెను. తెరచిన క్షణమే, దాని రూపము చూడలేక, చేసినవాడు పారిపోయెను! తరువాత అది అతని మంచము దగ్గరకు వచ్చి, ఏదో చెప్పబోవుచు చెయ్యి చాచెను. అతడు ఆ చేతిని తప్పించుకొని పెరటిలోనికి పరుగెత్తెను.

ప్రియులారా, ఈ చాచిన చేతిని జ్ఞాపకముంచుకొనుడి. తరువాత వచ్చు కీడంతయు ఇక్కడ మొదలాయెను.

మొదటి సంగతి: నిజమైన సృష్టికర్త పారిపోవువాడు కాడు.

లోకములో అనేకులు ఫ్రాంకెన్‌స్టైన్ అనగా ఆ వికృతరూపి పేరు అనుకొందురు. అది చేసినవాని పేరు. చేయబడినవానికి కథ మొదటినుండి చివరివరకు పేరే లేదు. మన పల్లెలో ఆవుదూడకు సైతము పేరు పెట్టుకొందుము గదా! ఆ చేసినవాడు తన చేతిపనికి పేరైన పెట్టలేదు.

ఆ ప్రాణికి అడవిలో పుస్తకములు దొరకెను. వాటిలో ఒకటి ఆదాము కథను పద్యములలో చెప్పిన మిల్టను కవి కావ్యము. అది చదివి అతడు దుఃఖించెను. ఆదామును చేసినవాడు ఆదామును కాపాడెను, అతనితో మాటలాడెను. నన్ను చేసినవాడు నన్ను చూచి అసహ్యపడెనని మొరపెట్టెను. ఒక కల్పిత కథలోని కల్పిత ప్రాణి మన దేవునిగూర్చి ఎంత సత్యమైన సాక్ష్యమిచ్చెనో చూడుడి!

ఆదాము హవ్వలు పాపముచేసి చెట్లచాటున దాగినప్పుడు ఎవరు ఎవరిని వెదకిరి? నరుడు పారిపోయెను, దేవుడు వెదకుచు వచ్చెను. వారు సిగ్గుపడుచున్నప్పుడు చర్మపు వస్త్రములు తానే చేయించి తొడిగెను. యిర్మీయా ప్రవక్త కుమ్మరి ఇంటికి వెళ్లి చూచినప్పుడు, సారెమీది కుండ చెడిపోయెను. కుమ్మరి సారె విడిచి వీధిలోనికి పరుగెత్తెనా? లేదు. అదే మట్టిని మరల చేతిలోనికి తీసికొనెను. మీలో కుమ్మరి పని ఎరిగినవారున్నారు. తడిమట్టి చేతికంటక కుండ కాదు. దేవుడు మన మట్టి అంటుకొనుటకు వెనుదీయలేదు. తుదకు ఆ మట్టినే ధరించుకొని బేత్లెహేములో పుట్టెను. పేరుపెట్టి పిలిచితిని, నీవు నావాడవని యెషయా ద్వారా పలికినవాడు ఆయనే.

తలిదండ్రులారా, మనము మన పిల్లలకు సృష్టికర్తలము కాము గాని వారు మన చేతికి అప్పగింపబడినవారు. నడువలేని బిడ్డ పుట్టినదని, మాట రాని బిడ్డ పుట్టినదని చుట్టములు వచ్చునప్పుడు లోపలి గదిలో దాచు ఇండ్లు నాకు తెలియును. దాచువారిని నిందించుటకు వ్రాయుట లేదు. వారి సిగ్గు వెనుక మనందరి చూపులున్నవి. అయితే ఆ బిడ్డ కూడ చెయ్యి చాచుచున్నది.

రెండవ సంగతి: చూపున్నవారు తరిమిరి, చూపులేనివాడు ఆదరించెను.

విడువబడిన ఆ ప్రాణి ఒక పల్లెలోని పేద కుటుంబము ఇంటిని ఆనుకొనిన కొట్టములో దాగి, గోడ సందులోనుండి వారిని చూచుచు మాటలు నేర్చుకొనెను. మొదట ఆకలికి వారి ఆహారము కొంత దొంగిలించెను. వారే తిండి లేక బాధపడుచున్నారని తెలిసినప్పుడు అది మాని, అడవి దుంపలతో, కాయలతో కడుపు నింపుకొనెను. రాత్రివేళ అడవికి పోయి కట్టెలు కొట్టి తెచ్చి వారి వాకిట పెట్టెను. ఏ దేవదూత తెచ్చెనోయని వారు ఆశ్చర్యపడుచుండిరి.

ఆ ఇంటి పెద్ద గ్రుడ్డివాడు. ఒకనాడు మిగిలినవారు లేని సమయమున ఆ ప్రాణి తలుపు తట్టి లోపల కూర్చుండెను. ముసలివాడు అతని మాట విని, దయగా మాటలాడెను. అంతలో పిల్లలు తిరిగివచ్చిరి. రూపము చూచి ఒకతె మూర్ఛపోయెను, కుమారుడు కఱ్ఱతో బాదెను. చేతితో చీల్చివేయగల బలముండియు ఆ ప్రాణి అతనిని తిరిగి కొట్టక వెళ్లిపోయెను. మరియొకసారి ఏటిలో కొట్టుకొనిపోవుచున్న చిన్నదానిని ఒడ్డుకు తీయగా, ప్రతిఫలముగా తుపాకిగుండు తగిలెను.

నరులు పైరూపమును లక్ష్యపెట్టుదురు, యెహోవా హృదయమును చూచునని సమూయేలుకు చెప్పబడెను. ఆ సంగతి ఈ కథలో గ్రుడ్డివాని ఇంట మనకు కనబడుచున్నది. దావీదు ఏమి చేసెనో చూడుడి. తన్ను చంప వెదకిన సౌలు మనుమడు, రెండు కాళ్లు కుంటివాడు, మెఫీబోషెతు. దావీదు అతనిని వెదకి రప్పించి, రాజకుమారులతో సమానముగా తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను. బల్ల క్రింద కుంటికాళ్లు ఎవరికిని కనబడవు!

మూడవ సంగతి: అన్యాయము పొందినవాడు అన్యాయము చేయుటకు హక్కు పొందలేదు.

ఇక్కడ జాగ్రత్తగా వినవలెను. ఆ ప్రాణి మీద మనకు జాలి పుట్టును. అయితే అతడు పగ పట్టెను. చేసినవాని చిన్న తమ్ముని, ఏమియు ఎరుగని పసివానిని, గొంతు నులిమి చంపెను. ఆ నేరము జస్టిన్ అను నిర్దోషియైన పనిపిల్ల మీద పడునట్లు చేసెను. ఆమె ఉరితీయబడెను. చంపినదెవరో విక్టర్ మనస్సుకు తెలియును. ఎవరును తన మాట నమ్మరని అతడు నోరు మూసికొనెను. తరువాత తన స్నేహితుడు, పెండ్లినాటి రాత్రియే భార్య చంపబడిరి. దుఃఖముచేత తండ్రి మరణించెను. చేసినవాడును చేయబడినవాడును ఒకరినొకరు తరుముకొనుచు ఉత్తర ధ్రువపు మంచులోనికి పోయిరి.

పాపము వాకిట పొంచియున్నది, నీవు దానిని ఏలవలెనని దేవుడు కయీనును ముందుగానే హెచ్చరించెను. మన ఊళ్లలో మన పితరులు త్రోయబడిరి, ఊరి బావినుండి తరుమబడిరి. ఆ గాయము అబద్ధము కాదు, దానికి న్యాయము అడుగుట పాపము కాదు. అయితే గాయపడిన చెయ్యి పసివాని గొంతు మీదికి పోకూడదు. సిలువమీద మన ప్రభువు అందరికంటె ఎక్కువగా విడువబడెను, రూపములేనివానిగా చేయబడెను. అయినను ఆయన నోట వచ్చినది శాపము కాదు, క్షమాపణ.

ఇక ముగింపు. ఉత్తరపు మంచులో ఒక ఓడమీద విక్టర్ చనిపోయెను. రాత్రివేళ ఆ ప్రాణి కిటికీ గుండ వచ్చి, శవముపై వంగి ఏడ్చి, నన్ను క్షమించుమని అడిగెను. వినుటకు చెవి లేదు. పలుకుటకు నోరు లేదు. సమయమున్నప్పుడు ఆ ఇద్దరును సమాధానపడలేదు.

సహోదరులారా, నాలుగవ రాత్రి నా నిద్ర చెడగొట్టినది ఈ పుటయే. ఏలయనగా నాకు ఒక మనుష్యుడు జ్ఞాపకము వచ్చెను. నేను క్రొత్తగా సేవ ప్రారంభించిన సంఘములో కుష్ఠురోగము పూర్తిగా నయమై ఇంటికి వచ్చిన ఒక విశ్వాసి యుండెను. వ్రేళ్లు పోయినవి గాని రోగము లేదు. మందులు వాడి నయమైనవానినుండి అది ఎవరికిని అంటదని నాకు తెలియును. అయినను ప్రభురాత్రి భోజన దినమున, కొందరు ఏమనుకొందురోయని, గిన్నె ఆయనకు అందరికంటె చివర ఇచ్చితిని. ఆయన ఏమియు అనలేదు. ఆ వ్రేళ్లులేని చేతులు రెండును చాచి పుచ్చుకొనెను. తరువాతి ఆదివారము మొదలుకొని ఆయన చెప్పులు విడుచుచోట, తలుపు దగ్గర కూర్చుండెను. లోపలికి రమ్మని నేను పిలువలేదు. నేడు పిలుతునా, రేపు పిలుతునా అనుకొనుచుండగా ఏండ్లు గడచెను. నేను మరియొక సంఘమునకు మారితిని. ఆయన ప్రభువునందు నిద్రించెనని కబురు వచ్చెను. క్షమాపణ అడుగుటకు ఆ సమాధి దగ్గరకు పోయి నిలువబడితిని. వినుటకు చెవి లేదు.

దేవుడు నన్ను క్షమించెనని నమ్ముచున్నాను. అయితే బలిపీఠమునొద్ద నీ కానుక విడిచి మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడుమని ప్రభువు ఎందుకు త్వరపెట్టెనో ఇప్పుడు ఎక్కువగా గ్రహించుచున్నాను.

1915లో నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు ఆసుపత్రి స్థాపించిన ఇసబెల్ కెర్ దొరసానిగారివంటి వారు, అందరు పారిపోవుచున్న చోటికి ఎదురుగా నడిచిరి. ఆ దినములలో నేటి మందులు లేవు. నయముచేయు మందులున్న దినములలో నేను ఒక అడుగు వేయలేకపోతిని.

మరి అవ్వగారి ప్రశ్నకు ఉత్తరమేమి? దానియేలు స్నేహితులు కల్దీయుల విద్య నేర్చుకొనిరి గాని వారి బొమ్మకు మ్రొక్కలేదు. పౌలు ఏథెన్సులో ఆ దేశపు కవుల మాట ఎత్తి ప్రభువును ప్రకటించెను. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుమని ఆయనయే వ్రాసెను. భయపెట్టు పుస్తకములన్నియు మంచివని నేననను. కొన్ని చీకటిని చూపి చీకటిలోనే విడిచిపెట్టును. పుస్తకము మూసిన తరువాత నీ మనస్సు ఎవరివైపు తిరిగినదో చూచుకొనుము. రక్తమును చూచి సంతోషించుట నేర్చుకొంటివా, లేక త్రోయబడినవాని దుఃఖము నేర్చుకొంటివా? ఈ పుస్తకములో సువార్త లేదు. సువార్త లేని లోకము ఎట్లుండునో మాత్రము ఉన్నది. అది చదివి సువార్తయొద్దకు పరుగెత్తువారికి నష్టము లేదు.

పుస్తకము తిరిగి ఇచ్చుటకు వెళ్లినప్పుడు అవ్వగారికి రచయిత్రి సంగతి చెప్పితిని. పుట్టగానే తల్లి పోయినదనియు, చనిపోయిన బిడ్డను నిప్పు యొద్ద వెచ్చజేసినట్లు కల గన్నదనియు చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. ఆమె కూడ ఇద్దరు పసివారిని సమాధిచేసిన తల్లి. తుదకు, "పాపం, తల్లి లేని పిల్ల" అని కన్ను తుడుచుకొని, మనుమరాలివైపు తిరిగి, "చదువుకో. బైబిలు పక్కన మాత్రం పెట్టొద్దు, కింద అరలో పెట్టుకో" అనెను.

ప్రియులారా, ఈ వచ్చు ప్రభురాత్రి భోజన దినమునకు ముందు, మీ ఇంటిలో గాని మీ వీధిలో గాని మీకు చెయ్యి చాచి, మీరు పట్టుకొనక విడిచిన ఒకరి పేరు జ్ఞాపకము చేసికొనుడి. ఆయన బ్రదికియుండగానే వెళ్లుడి. మన గుడి తలుపు దగ్గర, చెప్పులు విడుచుచోట ఎవరైన కూర్చుండిన యెడల, ఈసారి నేనే వచ్చి చెయ్యి పట్టుకొని లోపలికి తీసికొనిపోవుదును. మీరును నాకు తోడుపడుడి.

ప్రార్థన: మమ్మును చేసి మమ్మును విడువని పరలోకపు తండ్రీ, నీ చేతిలోని మట్టిమైన మేము ఒకరినొకరము అసహ్యించుకొనకుండ మా కన్నులను స్వస్థపరచుము. మేము ఆలస్యము చేసిన క్షమాపణలను నేడే అడుగుటకు ధైర్యమిమ్ము. నీ బల్లయొద్ద చోటు లేనివారెవరును ఉండకుండ చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.